పళ్ళొస్తున్నాయంతే

ఆ వీధిలో అందరూ అతన్ని కళ్ళద్దాలాయన అనేవారు. పెద్ద రోడ్డు మీద ఉన్న కళ్ళజోళ్ళ షాపులో వెనక గది అతనిది. అద్దాన్ని ఫ్రేము కొలతకి అరగదీయడం, అంచులు నున్నగా చెయ్యడం, గాడిలో కూర్చోబెట్టడం అతని పని. వెంట్రుకవాసి తేడా వచ్చినా అద్దం కూర్చోదు. తొందరపడి నొక్కితే పగులుతుంది. ఆ పని వల్ల అతనికి నిదానం అలవాటైంది. ఇంట్లో కూడా అతను ఒక మాట అన్నాడంటే ఆలోచించే అని ఉంటాడని అందరూ నమ్మేవారు. అతను కూడా నమ్మేవాడు.

భార్య సిటీ బస్సు నడుపుతుంది. తెల్లవారకముందే డిపోకి వెళ్ళిపోయి మధ్యాహ్నం దాటాక ఇంటికొస్తుంది. ఆ మధ్యలో పాపని చూసుకోవడానికి భార్య తల్లి వచ్చి వాళ్ళ దగ్గరే ఉంటోంది. అల్లుడంటే ఆవిడకి ఇంకా మొహమాటం తీరలేదు. అతను గదిలోకి వస్తే కుర్చీలోంచి లేచేది. కూర్చోండి అత్తయ్యా అంటే, ఎలాగూ లేవబోతున్నాను బాబూ అనేది. అతనికి ఏదైనా చెప్పాలంటే కూతురితో చెప్పించేది. కూతురు లేకపోతే పాపతో చెప్పించేది. "ఏమే చిట్టెలుకా, మీ నాన్నకి కాఫీ చల్లారిపోతోందని చెప్పు" అని ఇంకా మాటలు కూడా రాని పిల్లకి పురమాయించేది.

పాపకి చిట్టెలుక అని పేరు పెట్టింది ఆవిడే. నడక వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. కింద రెండు, పైన రెండు పళ్ళు. వాటితో మంచం అంచు, చెప్పులు, వాళ్ళమ్మ యూనిఫాం బెల్టు, ఏది అందితే అది కొరికేది.

కొత్త రకం బస్సులు వస్తున్నాయని భార్యని కొన్నాళ్ళు వేరే ఊళ్ళో ట్రైనింగ్‌కి పంపారు. ఆమె తిరిగొచ్చిన మర్నాడే పాపకి ఒళ్ళు వెచ్చబడింది. నోట్లోంచి చొంగ ధారగా కారి గౌను ముందు భాగమంతా తడిసిపోయింది. ఏం పెట్టినా మొహం తిప్పుకుంటోంది. పిడికిలి నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. అతను షాపు నుంచి వచ్చి, పాపని ఒళ్ళో పడుకోబెట్టుకుని, పెదవి కొంచెం ఎత్తి చూశాడు. చిగురు ఎర్రగా ఉబ్బి ఉంది.

"పళ్ళొస్తున్నాయంతే" అన్నాడు.

ఆ మాటతో ఇంట్లో అందరి భుజాల మీంచి బరువు దిగిపోయింది. మర్నాడు జ్వరం పెరిగినప్పుడు, పళ్ళకి ఇంత జ్వరం వస్తుందా అని భార్య అడిగింది. దవడ పళ్ళకి వస్తుందని అతను చెప్పాడు. ఎక్కడో చదివినట్టు గుర్తు. ఎక్కడో మాత్రం గుర్తులేదు. ఆమె సెలవు పెడతానంది. కొత్త బస్సు ఎక్కిన మొదటి వారమే మానేస్తే ఆ రూటు ఇంకొకరికి వెళ్ళిపోతుందని అతనే వద్దన్నాడు. నేనున్నాను, మీ అమ్మ ఉంది, నాలుగు రోజులు ఓపిక పడితే పన్ను బయటికొస్తుంది, నువ్వు నిశ్చింతగా వెళ్ళు అన్నాడు.

అత్తగారు మెత్తటి గుడ్డ చల్లటి నీళ్ళలో తడిపి వేలికి చుట్టుకుని, పాప ఒప్పుకున్నప్పుడల్లా చిగుళ్ళ మీద మెల్లగా అద్దేది. అతను మందుల షాపులో అడిగి చిగుళ్ళకి రాసే ఆయింట్‌మెంటు తెచ్చాడు. అది తగిలేసరికి పాప విలవిల్లాడిపోయింది. మందు అన్నాక కాస్త మండుతుందిలే అని, రెండు చేతులూ గట్టిగా పట్టుకుని మరీ రాశాడు.

ఆ మర్నాడు పొద్దున పాప తలగడ మీద ఎర్రటి మరక కనిపించింది. అతను కంగారుపడి నోరు తెరిపించబోయాడు. పాప తెరవనివ్వలేదు. పెదవి సందులోంచి ముందు పళ్ళ దగ్గర చిగురు చిట్లి రక్తం ఊరుతున్నట్టు కనబడింది. పక్కనే గిన్నెలో తడిగుడ్డ ఉంది. అంతే, అతనికి అంతా అర్థమైపోయిందనిపించింది.

అత్తగారిని పిలిచి ఆ మరక చూపించాడు.

"మీ గోరు తగిలినట్టుంది అత్తయ్యా. చిగురు చిట్లింది చూడండి."

గొంతు పెంచలేదు. అద్దం మీద గీత పడిందని షాపులో పనివాళ్ళకి చూపించినట్టే చూపించాడు. ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళి, వెలుతురులో తన వేళ్ళు ఒక్కొక్కటీ చూసుకుంది. అయ్యుంటుంది బాబూ అంది. కాసేపటికి వెనక మెట్ల మీంచి టిక్కు టిక్కుమని గోళ్ళు కత్తిరించుకుంటున్న చప్పుడు వినబడింది. అక్కడ కత్తిరించడానికి ఏమీ మిగల్లేదని, పసిపిల్లని ఎత్తుకునే చేతులని ఆవిడ ఎప్పుడూ గోళ్ళు మొదలంటా తీసేసుకునే ఉంచుతుందని అతనికి తెలుసు. తెలిసీ ఊరుకున్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ సాయంత్రం వంటింట్లో భార్యతో, మీ అమ్మకి చూపు సరిగ్గా ఆనట్లేదు, పాప నోట్లో వేలు పెట్టనివ్వకు, కొన్నాళ్ళు మీ అక్క దగ్గరికి వెళ్ళినా ఆవిడకి విశ్రాంతిగా ఉంటుంది అన్నాడు. భార్య పళ్ళెం కడుగుతూ ఉండిపోయింది. రోజంతా బస్సు తోలి వచ్చిన మనిషి. పైగా, అతను ఊరికే అనడు. వంటింటికీ అత్తగారి గదికీ మధ్య ఉన్నది చెక్క తలుపొక్కటే.

పొద్దున ఆవిడ సంచీ సర్దుకుని హాల్లో నిలబడి ఉంది. "పెద్దదానికి నడుం నొప్పిట. చూసొస్తాను బాబూ" అంది. అది అబద్ధమని అతనికి తెలుసు. అతనికి తెలుసని ఆవిడకీ తెలుసు. జాగ్రత్తగా వెళ్ళిరండి అన్నాడు.

ఆ రోజు అతను షాపుకి సెలవు పెట్టి పాపతో ఉండిపోయాడు. పాలు పట్టబోతే సీసాని తోసేసింది. చెంచాతో పోస్తే నోట్లోంచి కార్చేసింది. అరటిపండు గుజ్జు చూసే ఏడ్చింది. దగ్గరికి తీసుకుంటే నోరు ఒకలాంటి వాసన వేస్తోంది. ఏడుస్తోంది గానీ కంట్లో నీళ్ళు లేవు. పొద్దున కట్టిన డైపరు పొడిగానే ఉంది. పాలు తాగలేదు కాబట్టి తడపలేదనుకున్నాడు. మధ్యలో భార్య ఏదో స్టాపులో బస్సు ఆపుకుని ఫోన్ చేసింది. అప్పటికి పాప ఏడుపు ఆపి భుజం మీద వాలిపోయింది. హమ్మయ్య, నిద్రపట్టింది, పన్ను బయటపడే ముందు ఇలాగే ఉంటుంది అని చెప్పాడు.

ఆమె వచ్చి బూట్లయినా విప్పకుండా పాప దగ్గరికి వెళ్ళింది. నుదురు ముట్టుకుంది. చెంప మీద తట్టింది. పాప సగం కళ్ళు తెరిచి మళ్ళీ మూసేసింది.

"ఇది నిద్ర కాదు" అంది.

ఫోను లైటు వేసి, గడ్డం కిందికి లాగి, నోరు తెరిపించింది. అతను ఆమె భుజం మీంచి చూశాడు. చిగుళ్ళు వంగపండు రంగులో వాచి పళ్ళ మీదికి ఎక్కేశాయి. నాలుక మీద, చెంపల లోపల, పెదవి వెనక తెల్లటి పుళ్ళు. ఎన్ని ఉన్నాయో. రోజంతా భూతద్దం కంటికి తగిలించుకుని గీతలు వెతికే మనిషి, పిల్ల నోరు ఒక్కసారైనా పూర్తిగా తెరిచి చూడలేదు. మొదటి రోజు పెదవి కొంచెం ఎత్తి చూశాడు, ఒక మాట అనేశాడు. ఆ తర్వాత చూసిందంతా ఆ మాటకి సాక్ష్యంగానే చూశాడు.

ఆస్పత్రిలో పిల్లల డాక్టరు పాపని చూడగానే నర్సుని పిలిచి సెలైన్ పెట్టించింది. చిన్న చేతికి నరం దొరకలేదు. రెండో చేతికి దొరికింది. అది ఎక్కాకే ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని వాళ్ళతో మాట్లాడింది. ఎన్నాళ్ళ నుంచి అని అడిగింది. పళ్ళు వస్తున్నాయనుకున్నాం అని అతను చెప్పాడు. చాలామంది అలాగే అనుకుంటారు, కానీ పళ్ళకి ఇంత జ్వరం రాదు అందావిడ. ఇది చిగుళ్ళకి పట్టిన ఇన్‌ఫెక్షన్. ఒక వైరస్. పెద్దవాళ్ళలో చాలామందికి ఒంట్లో ఉంటుంది, అప్పుడప్పుడు పెదవి పేలినప్పుడు బయటపడుతుంది. పసిపిల్లలకి మొదటిసారి అంటుకున్నప్పుడు కొందరికి ఇలా నోరంతా పూసేస్తుంది. నొప్పికి నీళ్ళు కూడా మింగలేరు, అందుకే ఒంట్లో నీరు ఇంకిపోయింది. మందు ఉంది, ఇంకా ముందు తెచ్చుంటే ఇంకా బాగా పనిచేసేది. భయం లేదు, తగ్గిపోతుంది.

తర్వాత, కాగితం మీద ఏదో రాసుకుంటూ మామూలుగా అడిగింది. "ఈమధ్య ఇంట్లో ఎవరికైనా పెదవి పేలిందా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అతని చెయ్యి పెదవి మీదికి వెళ్ళబోయి ఆగింది. భార్య ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు అతనికి రెండు రోజులు జ్వరం తగిలింది. బడులు తెరిచే రోజులు, పిల్లల కళ్ళజోళ్ళ పని తలమునకలుగా ఉండి పట్టించుకోలేదు. జ్వరం తగ్గుతూ పైపెదవి మూల పేలింది. భార్య వచ్చేసరికి ఎండి రాలిపోయింది. ఆ రోజుల్లో కూడా షాపు నుంచి రాగానే పాపని ఎత్తుకుని బుగ్గల మీదా మూతి మీదా ముద్దులు పెట్టాడు. తల్లి లేదని బెంగ పెట్టుకుంటుందేమోనని మామూలు కంటే ఎక్కువే పెట్టాడు.

ఎవరికీ లేదండీ అంది భార్య. వెంటనే అతనివైపు తిరిగింది. "నేను లేనప్పుడు అమ్మకేమన్నా వచ్చిందా?"

"ఏమో" అన్నాడతను. "గమనించలేదు."

డాక్టరు ఆ మాటని పట్టించుకోలేదు. ఎవరి నుంచి వచ్చిందని ఇప్పుడు లెక్కలు తియ్యక్కర్లేదు, పార్కులో తోటి పిల్ల బొమ్మ నోట్లో పెట్టుకున్నా రావచ్చు, ఇకమీదట మాత్రం ఇంట్లో ఎవరికైనా అలా వస్తే పాపకి దూరంగా ఉంచండి అని చెప్పి వెళ్ళిపోయింది. అతను తేలు కుట్టిన దొంగలా నిలబడి ఉన్నాడు. ఆ నిమిషంలోనైనా నాకే అని చెప్పొచ్చు. భార్య అప్పటికే తల్లికి ఫోన్ కలిపింది.

వరండాలో రొదగా ఉందని స్పీకరు పెట్టింది. పాప ఎలా ఉందో చెప్పి, డాక్టరు చెప్పింది చెప్పి, అమ్మా, నీకేమన్నా పెదవి పేలిందా మధ్యలో అని అడిగింది. ఆవిడ అప్పట్లోనే అల్లుడి పెదవి చూసింది. ఏమే, మీ నాన్న పెదవికి కాస్త వెన్న రాసుకోమను అని చిట్టెలుకతో చెప్పించింది కూడా.

"నాకే వచ్చిందేమోనే" అంది ఆవిడ గొంతు. "ముసలి మూతి, నేనెక్కడ చూసుకుంటాను. నావల్లే అయ్యుంటుంది."

భార్య ఫోన్ పెట్టేసింది. చేతిరుమాలుతో మొహం తుడుచుకుని, అమ్మకి కూడా తెలియదు కదా అంది, తనకి తానే సర్దిచెప్పుకుంటున్నట్టు. అతను నీళ్ళ సీసా నింపుకొస్తానని అక్కడి నుంచి కదిలాడు. కుళాయి దగ్గర సీసా నిండి పొర్లుతున్నా అలాగే నిలబడ్డాడు.

మర్నాడు మధ్యాహ్నానికి జ్వరం దిగింది. భార్య చల్లటి పాలు చెంచాతో పెదవికి ఆనిస్తే పాప మొహం చిట్లించింది గానీ మింగింది. ఇంకో చెంచా మింగింది. భార్య మొహంలోకి కళ వచ్చింది. అమ్మకి చెప్తానుండు అంది. పాపం, నిన్నటి నుంచి తనవల్లే అని అన్నం ముట్టలేదట, అక్క చెప్పింది.

ఫోన్ అందుకోబోతున్న ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నాకొచ్చింది" అన్నాడు.

"ఏమొచ్చింది?"

"పెదవి. నువ్వు ఊళ్ళో లేనప్పుడు. ఇదిగో, ఇక్కడ."

ఆమె అతను చూపించిన చోటు చూసింది. అక్కడ ఇప్పుడేమీ లేదు. పాపని ముద్దు పెట్టుకున్నావా అని అడిగింది. రోజూ అన్నాడు. అమ్మకి తెలుసా అని అడిగింది. చూసిందని చెప్పాడు. ఆమె చెంచా గిన్నెలో పెట్టి, పాప మూతి తుడిచి, ఆ గుడ్డ నాలుగు మడతలు పెట్టింది.

"పెదవి పేలడం ఎవరి చేతుల్లోనూ లేదు" అంది చివరికి. "తెలియక ముద్దు పెట్టావు. నాకొచ్చినా నేనూ పెట్టేదాన్నే. దాని గురించి నేనేమీ అనను. కానీ నిన్న నేనడిగితే ఏమో అన్నావు చూడు. ఆ ఏమో పట్టుకుని నేను మా అమ్మని నిలదీశాను."

కాసేపు నా కళ్ళముందు ఉండకు, వెళ్ళి చెప్పాల్సిన వాళ్ళకి చెప్పిరా అంది.

వదినగారిల్లు ఊరికి ఆ చివర. మూడో అంతస్తు. తలుపు తీసిన వదినగారు పలకరింపుగానైనా నవ్వలేదు. అత్తగారు బాల్కనీలో ఆరిన బట్టలు మడతపెడుతూ ఉంది. అతన్ని చూసి అలవాటుగా లేచి నిలబడింది. పాలు తాగిందా అని అడిగింది ముందు. తాగిందని చెప్పి అతను నేల మీద కూలబడ్డాడు. అల్లుడు కింద కూర్చుంటే తాను నిలబడాలో కూర్చోవాలో తెలియక ఆవిడ తలుపు పట్టుకుని ఊగిసలాడింది. ఆఖరికి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

భార్యకి నిజం చెప్పేశానని అతను చెప్పాడు. ఆవిడ సంతోషించలేదు.

"చెప్పకుండా ఉండాల్సింది బాబూ. నా మీద ఉంటే పోయేది. కన్నతల్లి మీద కోపం చుట్టపుచూపుగా వచ్చి పోతుంది. మొగుడి మీద కోపం ఇంట్లో కాపురం పెడుతుంది."

అందుకు కాదు అత్తయ్యా, గోరు తగిలిందన్నాను, ఆ మాటకి వచ్చాను అన్నాడు. ఆవిడ ఒళ్ళోని చొక్కా విప్పి మళ్ళీ మడతపెట్టింది.

"ఆ మాటకి మాత్రం బాధేసింది" అంది. "మీరు అరిచుంటే నేనూ ఒక మాట అనేదాన్నేమో. మీరు ఊరికే అనరుగా. అంత నిదానంగా చెప్పేసరికి నిజమే కాబోలనుకున్నా. నా చేత్తోనే పిల్ల నోరు చీరేశాననుకున్నా. ఆస్పత్రి నుంచి అది ఫోన్ చేసి పుళ్ళు అని చెప్పేదాకా, చెయ్యి కంచంలో పెట్టాలన్నా నాకు వెగటేసింది."

తప్పయిపోయింది అన్నాడు. సరేలెండి అందావిడ. అది క్షమించడమో, ఆ సంభాషణ ఇక చాలనడమో అతనికి తెలియలేదు. మళ్ళీ ఎప్పుడొస్తారని అడిగాడు. ఇప్పుడే రాలేనంది.

"పెద్దదానికి నడుం నిజంగానే పట్టేసింది బాబూ. అబద్ధమాడితే తథాస్తు దేవతలు ఊరుకుంటారా."

లోపలి నుంచి వదినగారు మూలుగుతూ, ఆ దేవతలకి ఇంకెవరూ దొరకలేదా అంది. అతనికి నవ్వు రాబోయి, ఇక్కడ నవ్వే హక్కు తనకింకా లేదనిపించి ఆగిపోయింది.

పాపని ఇంటికి తెచ్చాక షాపు ఓనరుతో మాట్లాడుకుని మధ్యాహ్నం నుంచి మూసే దాకా పనికి ఒప్పుకున్నాడు. పొద్దుటి పూటలు పాపకి తనే. సిరప్పు పట్టడం, చల్లటి పెరుగు తినిపించడం, బొమ్మలు వేడినీళ్ళలో కడగడం. రోజూ కిటికీ దగ్గర కూర్చోబెట్టుకుని నోరు మొత్తం తెరిపించి చూసేవాడు. పుళ్ళు ఒక్కొక్కటీ మానాయి. చిగుళ్ళు మెల్లగా వెనక్కి తగ్గి, పళ్ళు మళ్ళీ కనబడ్డాయి. ఆ నాలుగు పళ్ళే. దవడ పన్ను జాడే లేదు.

వీధిలో ఎవరైనా పాపకి పళ్ళొచ్చాయా అని అడిగితే, పళ్ళు కాదండీ, నా పెదవి పేలింది, నా నుంచి అంటుకుంది, మా అత్తగారి తప్పేం లేదు అని మొత్తం చెప్పేవాడు. అత్తగారి ఊసు ఎత్తని వాళ్ళకి కూడా చెప్పేవాడు. పాల ప్యాకెట్లు వేసే ఆవిడ ఒకరోజు ఇదంతా విని బిత్తరపోయి, రెండు ప్యాకెట్లు ఎక్కువ ఇచ్చి వెళ్ళిపోయింది. ఊరంతా దండోరా వెయ్యక్కర్లేదు అంది భార్య. చాలా రోజుల తర్వాత ఆమె అతనితో పాప సంగతి కాకుండా వేరే మాట మాట్లాడడం అదే. డాక్టరు ఇక భయం లేదని చెప్పినా, అతను పాపని ఎత్తుకున్నప్పుడు మొహం పక్కకి తిప్పుకునేవాడు. పాప అతని గడ్డం పట్టుకుని తనవైపు లాక్కునేది. పాదం మీద ఒక ముద్దు పెట్టి దింపేసేవాడు.

వదినగారి నడుం కుదుటపడిందని, అత్తగారు వస్తానందని ఒక ఆదివారం భార్య చెప్పింది. ఆ రోజు ఆమెకి డ్యూటీ. వాళ్ళ అక్క ఇంటి ముందు స్టాపు ఆమె రూటులోనే ఉంది. నువ్వూ పాపా కూడా ఎక్కండి, అమ్మని దార్లో ఎక్కించుకుందాం అంది. అతనికి అది ఆజ్ఞలా వినబడింది, పిలుపులా కూడా వినబడింది.

బస్సు కొత్తది, చప్పుడు లేకుండా వెళుతోంది. పాప కిటికీ అద్దానికి మూతి ఆనించి ఊపిరితో మసక చేస్తోంది. ఆ స్టాపులో అత్తగారు సంచీతో నిలబడి ఉంది. మెట్టు ఎత్తుగా ఉంది. అతను పాపని చంకనేసుకుని ముందుకెళ్ళి చెయ్యి చాపాడు. ఆవిడ ఒక క్షణం ఆ చేతివైపు చూసింది. తర్వాత పట్టుకుని ఎక్కింది. పాప ముందు కొత్త మనిషిని చూసినట్టు చూసి, తండ్రి మెడలో మొహం దాచుకుంది. ఆవిడేమీ బలవంతం చెయ్యలేదు. పక్క సీట్లో కూర్చుని, కొంగుతో చెమట తుడుచుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

రెండు స్టాపులు దాటాక పాపే దిగుతానని గింజుకుంది. అతను దింపాడు. సీట్లు పట్టుకుంటూ తూలుకుంటూ వెళ్ళి ఆవిడ మోకాళ్ళ మధ్య నిలబడి చేతులు పైకెత్తింది. ఆవిడ ఎత్తి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. పాప ఆవిడ చూపుడువేలు పట్టుకుని తిన్నగా నోట్లో పెట్టుకోబోయింది. ఆవిడ చటుక్కున వెనక్కి లాగేసుకుని అతనివైపు చూసింది.

"ఉండనివ్వండి అత్తయ్యా" అన్నాడతను.

ఆవిడ వెంటనే ఇవ్వలేదు. సంచీలోంచి నీళ్ళ సీసా తీసి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, అప్పుడిచ్చింది. ముందు అద్దంలో భార్య కళ్ళు ఒకసారి ఇటు చూసి మళ్ళీ రోడ్డు మీదికి వెళ్ళిపోయాయి. ఆవిడ పక్కన సీటు ఖాళీగానే ఉంది. అతను మాత్రం ఇల్లు వచ్చేదాకా కమ్మీ పట్టుకుని నిలబడే ఉన్నాడు.